కొల్లేటి కేక

మా అన్నయ్య కూతురు శ్రీదుర్గ కెనడాలో చేసే ఉద్యోగం ఏమిటో తాడేపల్లిగూడెంలో ఒక్కరికి కూడా అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. సాఫ్ట్‌వేర్ అంటే తలాడించేవాళ్ళు. నర్సు అంటే ఇంకా గట్టిగా తలాడించేవాళ్ళు. "పిల్లలకి పడవ నడపడం, తాళ్ళు పట్టుకుని కొండ ఎక్కడం, అడవిలో పొయ్యి రాజేసుకోవడం నేర్పుతుంది" అంటే మాత్రం, "దానికి జీతం కూడా ఇస్తారాండీ" అని అడిగేవాళ్ళు. మార్కెట్లో మా పక్క కొట్టాయన, "అవన్నీ మన లంకల్లో పిల్లలు తన్నులు తింటూ చేసేవే కదండీ" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. అది క్రైస్తవుల యువజన క్యాంపు అని తెలిశాక, "అయితే మతం పుచ్చేసుకుందా" అని ఆరా. ఆ మాట అడిగినవాళ్ళకి మాత్రం నా నోరు ఎలాంటిదో రుచి చూపించాను.

నా పేరు నాగవల్లి. గూడెంలో మాది ఉల్లిపాయల కమిషన్ కొట్టు. ఆయన లారీల వెంట తిరుగుతారు, కొట్టు నేను చూసుకుంటాను. హమాలీలతోనూ రైతులతోనూ పొద్దస్తమానం అరిచీ అరిచీ నా గొంతు పెద్దదైపోయింది. దుర్గకి తల్లి చిన్నప్పుడే పోయింది. మా అన్నయ్య గంగరాజుకి చేపల చెరువులు తప్ప వేరే లోకం లేదు. జడ వేసుకోవడం దగ్గర్నుంచి ఆడపిల్లకి తెలియాల్సినవన్నీ దానికి సెలవుల్లో నా దగ్గరే తెలిశాయి. కాబట్టి దాని సంగతి ఎవరైనా చెప్పాలంటే నేనే చెప్పాలి. ఊళ్ళోవాళ్ళు చెప్పేది నాకు నచ్చదు.

మా పుట్టిల్లు కొల్లేటి లంకల్లో ఒక ఊరు. ఒకప్పుడు వరి, తర్వాత చేపలు. కొల్లేరు చూడనివాళ్ళు దాన్ని సముద్రంలా ఊహించుకుంటారు. చాలాచోట్ల నడుం లోతు, వానలు పడితే గుండె లోతు, అంతే. తాటిదోనెలో నిలబడి గెడకర్రతో అడుగుని పొడుస్తూ నెట్టుకుపోతాం. దోనె బోర్లా పడడం మాకు రోజూ ఉండేదే. అలా పడ్డవాళ్ళలో ఎవరైనా పోయారంటే కంగారు వల్లే పోతారు. కింద నేల ఉందన్న సంగతి మరిచిపోయి, చేతులు కొట్టుకుంటూ, నడుం లోతు నీళ్ళలో గుటకలు మింగి చచ్చిపోతారు. అందుకని మనిషి నీళ్ళలో పడగానే గట్టు మీద ఉన్న ప్రతివాళ్ళ నోటా వచ్చే మొదటి కేక ఒకటే. "నిలబడు." దేవుణ్ణి తలుచుకోవడం, తాడు వెతకడం అన్నీ ఆ తర్వాతే. ఆ మాట మేము నేర్చుకోలేదు, మాకెవరూ నేర్పలేదు. తుమ్ము వచ్చినట్టు వస్తుంది.

దుర్గకి నాలుగైదేళ్ళప్పుడు అన్నయ్య చేపలకి మేత వేయడానికి వెళ్తూ దాన్ని కూడా దోనెలో ఎక్కించుకున్నాడు. నేను గట్టు మీద ఉన్నాను. పిల్ల అంచు మీంచి వంగి బుడుంగుమని పడింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. అన్నయ్య దూకలేదు, గెడ కూడా వదల్లేదు. "నిలబడవే" అని ఒక్క కేక వేశాడు. పిల్ల నిలబడింది. నీళ్ళు గడ్డం దాకా ఉన్నాయి, నెత్తి మీద గుర్రపుడెక్క మొక్క వేలాడుతోంది, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఆ రోజు మా అన్నయ్యని నేను తిట్టిన తిట్లు చుట్టుపక్కల చెరువులన్నిటికీ వినబడి ఉంటాయి.

ఏలూరు హాస్టల్లో వేశాక దుర్గని చేరదీసింది అక్కడి వార్డెను మాణిక్యం టీచరుగారు. ఆవిడ క్రైస్తవురాలు. భర్త పోయాడు, ఒక్కడే కొడుకు హేమంత్‌కుమార్, కెనడాలో స్థిరపడ్డాడు. గొంతు పెంచి మాట్లాడడం ఆవిడకి చేతకాదు. "ఏవమ్మా, అన్నం వదిలేశావేంటి" అని మెల్లగా అడిగితే చాలు, నా అరుపులకి లొంగని పిల్ల కంచం నాకేసేది. పిల్ల ఈతలో చేపలా ఉందని గమనించి కోచ్ దగ్గర చేర్పించింది ఆవిడే. తర్వాత తెడ్డు పడవల పోటీలు, రాష్ట్రం తరపున వెళ్ళడం, మెడల్స్, వ్యాయామ విద్యలో డిగ్రీ. అన్నీ అయ్యాక ఇక్కడ దొరికింది ఒక ప్రైవేటు స్కూల్లో పి.ఇ.టి. ఉద్యోగం. అక్కడ గ్రౌండు లేదు. ప్రార్థన దగ్గర పిల్లల్ని వరసల్లో నిలబెట్టడమే దాని పని. ఏడాది తిరక్కుండా పిల్ల వాడిపోయింది.

అప్పుడు మాణిక్యంగారే కొడుక్కి చెప్పారు. హేమంత్‌కుమార్ వెళ్ళే చర్చికి ఒక వేసవి క్యాంపు ఉందట. అడవి మధ్య ఒక చెరువు, పక్కనే ఒక ఏరు. స్కూలు పిల్లలు వారాల లెక్కన వచ్చి ఉంటారు. పొద్దున్నా సాయంత్రం పాటలు, ప్రార్థన, మధ్యలో ఈ ఆటలన్నీ. వాటికి మనుషులు కావాలి. క్యాంపు పెద్దాయన దుర్గతో ఫోన్లోనే మాట్లాడాడు. "నేను హిందువునండి, అలాగే ఉంటాను" అని ఇది ముందే చెప్పేసింది. ఆయన కాసేపు ఆలోచించి, భోజనాల దగ్గర పిల్లలతోపాటు తల వంచితే చాలమ్మా అన్నాడట. మా అన్నయ్య మాత్రం గొణిగాడు. "ప్రార్థనలో కూర్చోవాలేమో" అన్నాడు. "కూర్చుంటాను నాన్నా, పాటలు బాగుంటాయి" అంది.

రెండు వేసవులు చేసింది. ఆ పిల్ల అంత సంతోషంగా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు. ఫోన్ చేస్తే మొదట పిల్లల గోల, తర్వాత దీని గొంతు. అక్కడ శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, ఏటి మీద పిల్లల్ని తీసుకెళ్ళేందుకు సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఏటికి ఒక నియమం ఉందని నాకు చెప్పింది. పారే ఏటిలో పడితే వెల్లకిలా తేలాలట, కాళ్ళు ముందుకు పైకెత్తి పెట్టాలట, ఎట్టి పరిస్థితిలోనూ నిలబడకూడదట. నిలబడితే కాలు రాళ్ళ సందులో ఇరుక్కుంటుంది, వెనక నుంచి వచ్చే నీళ్ళు మనిషిని ముందుకి పడదోస్తాయి, ముఖం నీళ్ళలోకి పోతుంది. లైఫ్ జాకెట్ ఉన్నా, లోతు మోకాలి పైకే ఉన్నా, లేవలేరు. ఆ నియమాన్ని రోజూ పొద్దున్నే చేతులు ఊపుతూ పిల్లల చేత పాటలా పాడించేది. "మన కొల్లేటికి తలకిందులుగా ఉందే" అన్నాను. "అవునత్తా, మొదట్లో నాకూ నవ్వొచ్చింది" అంది.

హేమంత్‌కుమార్ కొడుకు జయంత్ రెండో వేసవిలో ఆ క్యాంపుకి వచ్చాడు. పన్నెండేళ్ళవాడు. తెలుగు వింటే తెలుస్తుంది గానీ నోరు తిరగదు. "వాడితో తెలుగే మాట్లాడమ్మా, నాతో రెండు ముక్కలు మాట్లాడతాడు" అని మాణిక్యంగారు దుర్గని అడిగారు. దుర్గకి మాత్రం నోరారా తెలుగు మాట్లాడ్డానికి అక్కడ ఇంకెవరున్నారు? దోనె, గెడ, గట్టు, నెట్టు, నిలబడు, కూర్చో. ముందు ఈ మాటలే నేర్పింది. కదలని చెరువులో ఒక పొడుగు కర్ర కొట్టి ఇచ్చి, వాళ్ళ పడవనే దోనె అనుకోమని, అందులో నిలబడి నెట్టడం నేర్పింది. ఆ వీడియో నాకు పంపింది. వాడు వంకరగా నిలబడి, గెడ రెండు చేతులా పట్టుకుని, "అత్తమ్మా, నేను కొల్లేరు" అంటాడు. వాడు నన్ను అత్తమ్మా అనడమేమిటని నేను రెండు రోజులు నవ్వుకుంటూనే ఉన్నాను.

వాడు పోయిన సంగతి కూడా నాకు ఫోన్లోనే తెలిసింది. ఎగువన వానలు పడి ఏరు కాస్త పొంగింది. ఒక మలుపు దగ్గర పిల్లల పడవ ఒకటి తిరగబడింది. మిగతా పిల్లలు నేర్పినట్టే తేలుకుంటూ కిందికి, నీళ్ళు నెమ్మదించే చోటికి పోయారు. అక్కడ ఇంకో శిక్షకుడు కాచుకుని ఉన్నాడు, అందరినీ లాగేశాడు. జయంత్ మధ్యలో నిలబడ్డాడు. కాలు రాళ్ళలో ఇరుక్కుంది. దుర్గ దూకి వెళ్ళి వాడి తల పైకెత్తి పట్టుకోవాలని చూసిందట, నీళ్ళ ఊపుకి నిలవలేకపోయిందట. వాడి కాలు బయటికి తీసేసరికి అంతా అయిపోయింది.

విచారణ జరిగింది. క్యాంపులో తాళ్ళూ జాకెట్లూ మనుషులూ అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు. పిల్లవాడు నేర్పిన నియమం మరిచి నిలబడ్డాడు, అందువల్ల జరిగిన ప్రమాదమన్నారు. దుర్గ తప్పేమీ లేదన్నారు. క్యాంపువాళ్ళు వద్దన్నా వినకుండా, ఉద్యోగం మానేసి వచ్చేసింది.

లంకకి వెళ్ళనంది. చెరువు గట్టు చూడలేనంది. మా ఇంట్లోనే ఉంది. కొట్లో కుళ్ళిన ఉల్లిపాయలు ఏరే ఆడవాళ్ళ మధ్య కూర్చుని తనూ ఏరేది. "ఇదేం పోయేకాలమే, మెడల్స్ తెచ్చుకున్న పిల్లవి" అని తిట్టినా లేచేది కాదు. కళ్ళంట నీళ్ళు కారుతుంటే ఉల్లిపాయల ఘాటు అనుకునేవాళ్ళం. సంబంధాలు చూద్దామని అన్నయ్య అంటే, అన్నం మధ్యలో లేచి వెళ్ళిపోయింది. ఇలా నెలలు గడిచాయి.

మాణిక్యంగారు మాత్రం వారం వారం ఫోన్ చేసేవారు. ఆవిడ మనవడు పోయాడు, ఆవిడ మమ్మల్ని ఓదార్చేవారు. "దుర్గ చేయగలిగిందంతా చేసింది నాగవల్లిగారూ. చెప్పినట్టు వింటే వాడు బతికేవాడు. వినలేదు. ఏం చేస్తాం" అనేవారు. ప్రతిసారీ ఆ మాట అనేవారు. నేను ఆ మాట దుర్గకి చేరవేసేదాన్ని, దానికి మనసు తేలికపడుతుందని. అది లేచి ఇంకో బస్తా విప్పుకునేది.

ఏడాది తిరిగి వచ్చింది. ఏలూరులో వాళ్ళ చర్చిలో జయంత్ జ్ఞాపకార్థం కూడిక పెడుతున్నారని మాణిక్యంగారు ఫోన్ చేశారు. వాళ్ళ పాస్టరు ఇస్సాకుగారు ఆదివారాల్లో పిల్లలకి ఏవో తరగతులు నడుపుతున్నారట, ఆ పిల్లలంతా కూడా వస్తారట. పెద్దల మాట వినడం గురించి చెప్తారట. కెనడాలో ఆ క్యాంపువాళ్ళు కూడా ఇప్పుడు ప్రతి జట్టుకీ మొదటి రోజు జయంత్ సంగతే చెప్తున్నారట, నియమం మీరితే ఏమవుతుందో తెలియడానికి. "వాడి పేరు చెప్పి ఇంకో పిల్లవాడు బతికితే అదే చాలండి. దుర్గని వచ్చి పిల్లలకి నాలుగు ముక్కలు చెప్పమనండి" అన్నారు.

ఫోన్ పెట్టేసి దుర్గకి చెప్పాను. చేతిలో ఉల్లిపాయ అలాగే పట్టుకుని నా వంక చూసింది.

"వాడు మాట వినకపోవడం వల్ల పోలేదత్తా" అంది. "నేను నిలబడమన్నాను. వాడు విన్నాడు."

నాకు మొదట బుర్రకెక్కలేదు. అప్పుడు మొత్తం చెప్పింది. జయంత్ అందరిలాగే వెల్లకిలా తేలుతూ వచ్చాడట. కాళ్ళు పైకెత్తే ఉన్నాయి. భయపడ్డాడు గానీ సరిగ్గానే వస్తున్నాడు. ఇది గట్టు మీద ఉంది, చేతిలో తాడు. విసిరింది, అందలేదు. వాడు దీని ముఖంలోకి చూశాడు. నీళ్ళు నడుం లోతే, కింద గులకరాళ్ళు కనబడుతున్నాయి. దీని నోట్లోంచి కేక వచ్చేసింది. ఇంగ్లీషులో కూడా కాదు, తెలుగులో. అలా అరిస్తే అక్కడ మిగతా పిల్లలెవరికీ అర్థమయ్యేది కాదు, ఎవరూ లక్ష్యపెట్టేవాళ్ళు కాదు. వాడొక్కడికే అర్థమైంది.

"విచారణలో అడిగారత్తా. ఏదో అరిచావంటున్నారు, ఏమన్నావని అడిగారు. పేరు పెట్టి పిలిచానని చెప్పాను."

కొట్లో మనుషులున్నారు. దాని చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్ళి తలుపేశాను. ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా అని అడిగాను. లేదంది. అయితే ఇక అనకు అన్నాను.

"ఆదివారం వెళ్ళి టీచరుగారికి చెప్తానత్తా."

"నీకేమైనా పిచ్చి పట్టిందా? చచ్చినవాడు లేచొస్తాడా? ఆ ముసలావిడ గుండె ఆగిపోతుంది. పైగా అక్కడ కేసు పెడితే నీ గతేంటి?"

"వాడి పేరు అలా ఉండిపోయింది కదా. ఏటా వచ్చే పిల్లలందరికీ వాడు మాట వినని పిల్లాడని చెప్తారు. వాళ్ళ నాయనమ్మ కూడా అదే అనుకుంటోంది."

నేను అన్నయ్యకి ఫోన్ చేశాను. దెందులూరు దగ్గర చేపల లోడు వదిలేసి, బురద లుంగీతోనే వచ్చేశాడు. విన్నాడు. తర్వాత పిల్ల ముందు నేల మీద కూర్చుని, "నేను నేర్పిన కేకేనమ్మా అది. తప్పు నాది అని చెప్పు. నువ్వు మాత్రం వెళ్ళకు" అన్నాడు. మా అన్నయ్య ఏడవడం వదిన పోయినప్పుడు కూడా నేను చూడలేదు. దుర్గ ఆయన తలమీద చెయ్యి వేసి, "నీది కాదు నాన్నా" అంది. వెళ్ళనని మాత్రం అనలేదు.

వాళ్ళిద్దరి ముందూ నేను అరిచి చెప్పాను. నిజం చెప్పడం గొప్పే గానీ ఎదటివాళ్ళ గుండె మీద పెట్టి చెప్పడం గొప్ప కాదన్నాను. టీచరుగారివాళ్ళు ఎలాగో ఒకలా సర్దుకున్నారు, మళ్ళీ పుండు కెలకొద్దన్నాను. ఇప్పటికీ నేనన్నది తప్పని ఒప్పుకోను. నా మాట ఎవరు విన్నారు గనక. ఆదివారం సాయంత్రం అది బయల్దేరితే వెనకాల నేను కూడా బస్సెక్కాను. ఒంటరిగా ఎలా పంపుతాను?

చర్చి నిండా జనం. ముందు వరసల్లో చాపల మీద పిల్లలు. జయంత్ ఫొటోకి పూలు పెట్టారు. మాణిక్యంగారు గుమ్మం దాకా వచ్చి, "వందనాలండి, ఇంత దూరం వచ్చారు" అని మంచినీళ్ళు ఇప్పించారు. సన్నబడిపోయారు. దుర్గని దగ్గరికి తీసుకుని, "ఏవమ్మా, తింటున్నావా" అని అడిగారు. కొడుకు వీడియోలోనైనా కలుస్తాడేమోనని అడిగితే రానన్నాడట.

ఇస్సాకుగారు చెడ్డమనిషేమీ కాదు. మైకు దొరికితే వదలడు, అంతే. పాటలయ్యాక పిల్లలకి ఏటి కథ చెప్పాడు. పడవ తిరగబడడం, మిగతా పిల్లలు చెప్పినట్టు విని ఒడ్డు చేరడం, అన్నీ చెప్పాడు. ఆఖర్న, "మరి జయంత్ ఎందుకు చనిపోయాడమ్మా" అని అడిగాడు. చాపల మీద పిల్లలంతా ఒక్క గొంతుతో, "మాట వినలేదండి" అన్నారు. సరిగ్గా వినబడలేదు, గట్టిగా చెప్పండన్నాడు. వాళ్ళు ఇంకా గట్టిగా చెప్పారు. మాణిక్యంగారు తల వంచుకుని చీర అంచు మడతపెడుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా లేవలేకపోయాను.

దుర్గ లేచింది. సాక్ష్యం చెప్పడానికి వచ్చిందనుకుని ఆయన సంతోషంగా మైకు ఇచ్చాడు.

"జయంత్ మాట విన్నాడు" అంది. "నేర్పినట్టే తేలుకుంటూ వచ్చాడు. గట్టు మీద నేనున్నాను. నేను నిలబడు అని కేక వేశాను. మా కొల్లేటిలో అలాగే అంటాం. అక్కడ అనకూడదు. నాకు తెలుసు, నేనే వాళ్ళకి రోజూ నేర్పేదాన్ని. కానీ అనేశాను. నేను అన్నాను కాబట్టి వాడు నిలబడ్డాడు. అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను. వాడి తప్పేమీ లేదు. పిల్లలకి ఇంకెప్పుడూ అలా చెప్పకండి."

మైకు బల్ల మీద పెట్టేసింది. ఎవరో వెనకనుంచి, "ఎంత మాట" అన్నారు. ఇస్సాకుగారు ప్రార్థన చేద్దామని మొదలుపెట్టి, ఏం చేయాలో తోచక ఆగిపోయాడు. నేను దుర్గ రెక్క పట్టుకుని బయటికి లాగేద్దామనుకున్నాను. ఈలోపే మాణిక్యంగారు లేచి వచ్చారు. దాని చెయ్యి పట్టుకుని పక్కనున్న చిన్న గదిలోకి నడిపించారు. నేనూ వెనకే వెళ్ళాను. తలుపు ఆవిడే వేశారు.

"కూర్చో అమ్మా" అన్నారు. దుర్గ కూర్చోలేదు. ఆవిడే కుర్చీలో కూర్చున్నారు.

తిడతారేమోనని చూశాను. కొడతారేమోననుకున్నాను. కొడితే బాగుండేదని కూడా అనుకున్నాను. ఆవిడ గొంతు ఎప్పటిలాగే ఉంది.

"ఏడాదిగా వాణ్ణి తిట్టుకుంటున్నానమ్మా. ప్రార్థనలో కూర్చుని కూడా తిట్టుకున్నాను. ఎందుకు వినలేదురా అని."

దుర్గ ఇంకా నిలబడే ఉంది.

"అక్కడ సమాధికి తీసుకెళ్ళే ముందు, పెట్టె మూసేటప్పుడు, ఒక్కొక్కళ్ళూ వచ్చి వాడి నుదుటి మీద ముద్దు పెట్టుకున్నారు. నేను వెళ్ళలేకపోయాను కదా, ఫోన్లో చూస్తున్నాను. హేమంత్ రాలేదమ్మా. గోడకి ఆనుకుని ఉండిపోయాడు. నాయనా, వెళ్ళరా, ఒక్కసారి ముట్టుకోరా అని నేను ఇక్కణ్ణుంచి బతిమాలాను. 'ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదమ్మా. అక్కడా వినలేదు. నేను రాను' అన్నాడు. వాళ్ళు మూత పెట్టేశారు."

ఆవిడ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"నువ్వీ మాట అప్పుడే చెప్పుంటే, వాడు కొడుకుని ముట్టుకునేవాడు."

దుర్గ కూలబడిపోయింది. ఆవిడ కాళ్ళ దగ్గర, గచ్చు మీద. నేను ఏదో ఒకటి అనాలి. చిన్నపిల్లండీ, క్షమించండీ అని, ఏదో ఒకటి. రోజంతా మార్కెట్లో అరిచే నా నోరు ఆ గదిలో పెగల్లేదు.

మాణిక్యంగారు ఫోన్ తీశారు. కళ్ళద్దాలు లేక రెండుసార్లు తప్పు నొక్కారు. అక్కడ అప్పుడు పొద్దున. కొడుకు ఎత్తి, "ఏంటమ్మా, రానని చెప్పాను కదా" అనడం మాకు కూడా వినబడింది.

"దుర్గ నీతో మాట్లాడుతుంది నాయనా. పెట్టేయకు" అని ఫోన్ దాని చేతికిచ్చి, "నేను చెప్పలేను, నువ్వే చెప్పు" అన్నారు.

దుర్గ చెప్పింది. చర్చిలో చెప్పినదే, ఇంకా నెమ్మదిగా. తాడు విసరడం, అందకపోవడం, వాడు తన వంక చూడడం, తను వేసిన కేక. విచారణలో చెప్పిన అబద్ధం కూడా దాచలేదు. చెప్పడం అయిపోయింది. లైను పోయిందేమోనని మాణిక్యంగారు ముందుకి వంగారు. ఆయన తిట్టలేదు. కేసు మాట ఎత్తలేదు. ఒకే ఒక్క మాట అడిగాడు.

"నువ్వు చెప్పగానే నిలబడ్డాడా?"

"చెప్పగానే నిలబడ్డాడన్నయ్యా" అంది దుర్గ.